చివరి ఇంటి నిప్పు

మా క్వార్టర్ల లైనులో తెల్లారడమంటే పొగ. బొగ్గు ముక్కలను పొయ్యిలో పేర్చి, పిడక మీద కాస్త గ్యాసునూనె, అదే కిరోసిను, పోసి అంటిస్తే, పొగ తగ్గి ఎర్రబడటానికి చాలాసేపు పట్టేది. అందుకే ఎవరి పొయ్యి ముందు రగిలితే వాళ్ల దగ్గర మిగతావాళ్లు నిప్పులు తెచ్చుకునేవారు. ముందు రగిలేది చాలాసార్లు చివరి ఇంటి చిన్నమ్మ పొయ్యే. ఆమెతో మాకు చుట్టరికం లేదు. నాన్నతో పాటు గనిలో దిగే మనిషిని కాక అనేదాన్ని, ఆయన భార్య కాబట్టి చిన్నమ్మ. ఇనుప గరిట పట్టుకుని వాళ్ల వాకిట్లో ఊరికే నిలబడేదాన్ని.

"అడగవేందే, నోట్ల నిప్పులున్నయా?" అని నవ్వేది చిన్నమ్మ.

నేను ఇంటర్ చదివేటప్పుడు కాకకు దగ్గు పట్టుకుంది. టీబీ అన్నారు. తర్వాత పెద్ద దవాఖానలో రక్తం చూసి హెచ్ఐవి కూడా ఉందన్నారు. ఆ మాట చిన్నమ్మ మా అమ్మకొక్కదానికే చెప్పుకుంది. అమ్మ బయట పెట్టలేదు. అయినా లైనంతా తెలిసిపోయింది. ఎవరూ పోట్లాడలేదు, మొహం మీద ఏమీ అనలేదు. ఆ పొయ్యిలోంచి నిప్పులు తెచ్చుకోవడం మాత్రం మానేశారు. రోగమున్న ఇంటి నిప్పుతో వండితే అన్నంలోకి రోగం వస్తుందని ఎవరు మొదలుపెట్టారో కానీ, మా నానమ్మ కూడా గట్టిగా నమ్మింది. నన్ను ఆ వైపు పోనివ్వలేదు.

దవాఖాన బెంచీ మీద తాను కూర్చుంటే పక్కవాళ్లు లేస్తున్నారని కాక టీబీ గోలీలకు వెళ్లడం మానుకున్నాడు. అప్పటి నుంచి దవాఖాన నర్సు సిస్టర్ మా లైనుకు రావడం మొదలుపెట్టింది. మలేరియా చూడటానికని చెప్పేది. మొదటి ఇంటి నుంచి వరుసగా జ్వరాలు అడుగుతూ, ఒళ్లు వెచ్చగా ఉన్నవాళ్ల వేలు పొడిచి గాజుపలక మీద రక్తపు చుక్క తీసుకునేది.

"మొన్ననే గుచ్చితివి గద సిస్టరమ్మా. నా రక్తమేమన్న తియ్యగున్నదా?" అనేది నానమ్మ.

"నువ్వు దగ్గరుండి తిడతవని వస్తున్న అవ్వా. వేలియ్యి."

నేను తలుపు చాటున లైబ్రరీ పుస్తకం పట్టుకుని చూస్తుండేదాన్ని. చివరి ఇంట్లో ఆమె గాజుపలకల పెట్టె తెరిచేది కాదు. సంచిలోంచి గోలీలు తీసి, కాక మింగేదాకా నిలబడేది. ఒక్క ఇంటికే వస్తే నలుగురి కళ్లు పడతాయని లైనంతా తిరిగేదని నాకు అప్పుడు అర్థమైంది.

ఒక రోజు నల్లా దగ్గర చిన్నమ్మ అమ్మతో అంది: "ఊరికి పోతం అక్కా. నిప్పు గూడ ముట్టనోళ్ల నడుమ ఎట్లుండుడు?"

అటుగా వస్తున్న సిస్టర్ ఆగింది. "ఊర్లె నీకు గీ గోలీలెవలిస్తరు? నడుమల ఆపితే టీబీ మల్ల తిరగబెడ్తది. గప్పుడు గీ మందు పని చెయ్యది. ఇంకొన్ని నెల్లు ఆగు."

చిన్నమ్మ బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. మరునాడు వాళ్ల గుమ్మంలో సామాను మూటలు కనిపించాయి.

ఆ రాత్రంతా వాన పడింది. తెల్లారేసరికి లైనులో బయట పోసుకున్న బొగ్గంతా తడిసిపోయింది. నాన్న మొదటి షిఫ్టుకు పోవాలి. అమ్మ ఊది ఊది కళ్లు ఎర్రబడి, చివరికి గరిట నా చేతికిచ్చింది.

"చివరింటికి పో."

"పోరిని ఆడికి పంపుతున్నవా?" అంది నానమ్మ.

"చాయ కావాల్నా వద్దా అత్తమ్మా?"

నానమ్మ చాయగిన్నె ముందుకు జరిపింది. "జల్ది రమ్మను," అంది.

వెళ్లి ఎప్పటిలాగే నిలబడ్డాను. ఇంటి చూరు కింద, తడవకుండా దాచిన బొగ్గుతో, పొయ్యి ఎర్రగా మండుతోంది. చిన్నమ్మ నన్నూ గరిటనూ చూసి, "మీ అమ్మ పంపిందా?" అంది. తలూపాను. లోపలి నుంచి కాక గొంతు వినిపించింది.

"పెద్దయి ఏరి ఇయ్యి. ఆరిపోతే ఆ పిల్ల మల్ల అడగదు, సిగ్గుతోని సస్తది."

మా పొయ్యి రగిలాక పక్కింటి అక్క నిప్పులకొచ్చింది. ఎక్కడివని ఆమె అడగలేదు, అమ్మ చెప్పలేదు. ఆమె దగ్గర ఇంకొకరు తీసుకున్నారు. లైనంతా ఆ రోజు చివరి ఇంటి నిప్పుతోనే చాయ తాగింది. నా డైరీలో మాత్రం "వాన" అని ఒక్క మాటే రాసుకున్నాను.

సాయంత్రానికి గుమ్మంలోని మూటలు మళ్లీ ఇంట్లోకి వెళ్లిపోయాయి. మర్నాడు అమ్మ చెప్పకముందే గరిట పట్టుకుని వెళ్లాను.

కాక గోలీలు చివరిదాకా మింగాడు. దగ్గు పోయింది. గనిలోకి దింపకుండా ఉపరితలం మీద తేలిక పనిలో పెట్టారు. రెండో రోగానికి మాకు అందే మందు అప్పుడు లేదు. అయినా ఇంకో కొన్నేళ్లు బతికాడు. పొద్దున్నే ఆ పొయ్యి పక్కన చాయ తాగుతూ, నన్ను చూడగానే, "వచ్చింది మాట్లాడని పిల్ల. పొయ్యిల బొగ్గెయ్యి," అనేవాడు.

ఇప్పుడు మాకు వంటగ్యాసు వచ్చింది. అగ్గిపుల్ల గీస్తే చాలు, ఎవరి వాకిట్లోనూ నిలబడక్కర్లేదు. నాలాంటిదానికి అది సుఖమే. కానీ వాన పడ్డ పొద్దున చేయి గరిట కోసం వెతుకుతుంది.