హారను మోగితేనే వెలిగే దీపం

తేదీ లేని మాటను, అంకె లేని వాదాన్ని నేను నమ్మను. అయినా ఈ ఒక్క సంగతికి తేదీ వేయడం లేదు. వేస్తే, ఆ సాయంత్రం గుడివాడలో చెవులు మూసుకున్నవారిలో బ్రతికి ఉన్నవారు నన్ను పోల్చుకునే ప్రమాదం ఉంది. నయాపైసలు వచ్చిన కొత్తలో అని మాత్రం చెప్పగలను. ఒక చిన్న దీపం పెట్టబోయి ఒక వీధి మొత్తాన్ని బయటికి లాగిన వృత్తాంతమిది.

అప్పుడు నేను బందరులో లెక్కల మాస్టారిని. మా అక్క భర్త, అంటే మా బావ, రైసుమిల్లు యజమాని. ఆయన కొన్న పాత కారుకు అన్నీ ఉన్నాయి, స్పీడోమీటరులో దీపం తప్ప. ప్రొద్దు గుంకితే ముల్లు ఎక్కడుందో దేవుడికే తెలియాలి.

గుడివాడ నుంచి నాకొక సంబంధం వచ్చింది. ఆ అమ్మాయిని నేను అంతకుముందే స్టేషనులో చూశాను. రైలు ఎంత ఆలస్యమో తప్పుగా చెప్పిన గుమాస్తా చేత కూడిక మళ్ళీ చేయిస్తోంది. పెళ్ళంటూ చేసుకుంటే ఈమెనే చేసుకోవాలని అక్కడే తీర్మానించుకున్నాను. అయితే పిల్ల తండ్రి బావతో ఒక షరతు చెప్పి పంపించారు.

"వెనకటి సంబంధం తప్పిపోయినప్పుడు వీధంతా ఆరునెలలు చెప్పుకున్నారండి. ఈసారి పక్కింటివాళ్ళకి కూడా తెలియకూడదు. దీపాలు పెట్టే వేళకి గుట్టుగా రండి. చప్పుడు చేశారో, ఇక మాటల్లేవండి."

బావ షరతు వేరు. "కారు నువ్వే తోలు, మాస్టారూ. పెళ్ళికొడుకు కారు తోలితే ఆ దర్జా వేరు. కానీ గంటకు ముప్పై మైళ్ళు దాటావంటే అక్కడే దింపేస్తా."

ముప్పై దాటలేదని తెలియాలంటే అంకె కనబడాలి కదా. అందుచేత ఒక చిన్న ఆకుపచ్చ బల్బు దీపం కొని, స్పీడోమీటరు వెనుక నేనే బిగించాను. దీపానికి రెండు కొసలు. ఒకటి లైట్ల స్విచ్చికి కలిపాను. రెండవది కారు ఇనుముకు తగలాలి. నల్లతీగ ఎప్పుడూ ఇనుముకే పోతుందని ఎక్కడో చదివాను. స్టీరింగు కింద ఒక నల్లతీగ కనబడింది, కలిపేశాను. అది హారను మీటకు పోయే తీగ అని తరువాత తెలిసింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో దీపం వెలిగిందో లేదో కనబడలేదు, వెలిగిందనే అనుకున్నాను. చేసిన ప్రతి లెక్కనూ సరిచూడమని పిల్లల చెవులు మెలిపెట్టిన నేను ఆ ఒక్క లెక్కను సరిచూడలేదు.

పెడన దాటేసరికి మసక పడింది. లైట్లు వేశాను. రోడ్డు కనబడింది గాని ముల్లు కనబడలేదు. ఎదురుగా ఎడ్లబండి వస్తే హారను కొట్టాను. స్పీడోమీటరు పచ్చగా వెలిగింది. చెయ్యి తీశాను, ఆరిపోయింది.

"బావా, హారను కొడితేనే దీపం వెలుగుతోంది."

"అయితే కొట్టకు."

"కొట్టకపోతే ఎంతలో వెళ్తున్నామో తెలిసేదెలా?"

"ఇందాక మనల్ని ఒక సైకిలు దాటిపోయింది. ఆ లెక్కన వేసుకో."

సైకిలును కొలమానంగా స్వీకరించడానికి నా మనసు ఒప్పలేదు. అంకె కోసం నొక్కాను. కాసేపటికి మళ్ళీ నొక్కాను. గుడ్లవల్లేరులో ఆపి బల్బు మార్చాను, దీపం కొసలు అటుదిటు చేశాను. ఫలితం మారలేదు. అరుగు మీది పెద్దాయన ఒకాయన లేచి వచ్చి, "ఏ పార్టీ అండీ, ఇంత గోలగా వస్తున్నారు?" అని అడిగాడు.

"లెక్కల పార్టీ అండి. ఓట్లు రావు," అన్నాడు బావ.

గుడివాడ చేరాక ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఒరేయ్, ఇక్కడ మోగించావంటే పెళ్ళి నీకూ ఈ కారుకూ చేస్తా." నేను బుద్ధిగా, పాలకుండ దగ్గరికి పోయే పిల్లిలా కారును ఆ వీధిలోకి నడిపి, వారి గుమ్మం ముందు ఆపాను. ఒక్క తలుపు తెరుచుకోలేదు. అక్కడ దిగిపోయి ఉంటే ఈ రచన లేదు. కాని దిగేటప్పుడు మోచెయ్యి తగిలి హారను మోగుతుందేమోనన్న ముందుజాగ్రత్తతో, స్టీరింగు కింద చెయ్యి పెట్టి దీపం కోసం నేను వేసిన ముడి దగ్గర ఆ నల్లతీగనే తెంపబోయాను.

తీగ తెగలేదు. ముడి వంగి, ఇనుముకు అతుక్కుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నా విషయంలో నాలుక ఊడలేదు. ఆగకుండా మోగడం మొదలుపెట్టింది.

తాళం తీసేశాను. హారనుకు తాళంతో పనిలేదట. బావ బానెట్ మీద గుద్దుతున్నాడు, అది తెరుచుకోవడం లేదు. ఇళ్ళలోంచి జనం ఎంగిలి చేతులతోనే వచ్చేశారు. పిల్ల తండ్రి గేటు దగ్గర నమస్కారం పెట్టి ఏదో అన్నారు. పెదవులు మాత్రం కదిలాయి. అది స్వాగతం కాదని గ్రహించడానికి వినబడనక్కరలేదు. చివరికి బానెట్ తెరుచుకుంది, బ్యాటరీ తీగ పీకాను. నిశ్శబ్దం.

ఎదురింటి ముసలమ్మ ఆ నిశ్శబ్దంలో అడిగింది. "పెళ్ళివారా అబ్బాయ్?"

పిల్ల తండ్రి వీధినంతా ఒకసారి చూశారు, తరువాత నన్ను చూశారు. "అవునండి పిన్నిగారూ," అని, బావతో గొంతు తగ్గించి అన్నారు. "ఇప్పుడు మీరు తిరిగి వెళ్ళిపోతే నేను ఈ వీధిలో ఉండలేనండి. ఇక మా అమ్మాయి ఏమంటుందో."

లోపల ఆ అమ్మాయి నన్ను ఒకే ప్రశ్న అడిగింది.

"బందరు నుంచి ఎంతలో వచ్చారండీ?"

"హారను కొడితేనే దీపం వెలిగి అంకె కనబడేదండి. కొట్టినప్పుడల్లా ముప్పైలోపేనండి. మిగతా దారి నాకు తెలియదు. తెలియని అంకె చెప్పలేను."

"మరి చివర్లో అంతసేపు మోగింది కదా. అప్పుడు బాగా కనబడిందా?"

"చాలా స్పష్టంగానండి. సున్నా."

ఆమె కొంగు అడ్డం పెట్టుకున్నా భుజాలు కదలడం ఆగలేదు. ఆ నవ్వుతోనే సంబంధం ఖాయమైంది.

కావున సకల జనులకూ తెలియజేయునదేమనగా, ఈ జన్మలో మరి ఏ వాహనపు తీగనూ, అది ఏ రంగుదైనా సరే, నేను తాకను. ఎంతలో తోలుతున్నానో ప్రక్క సీటులోనుంచి మా ఆవిడే చెబుతుంది. ఆ అంకె ఇంతవరకు తప్పలేదు. సరిచూసే సాహసం నేను చేయలేదు.