లేవని అంతస్తుల కోసం కొన్న యాభై అడుగుల పోలు

నా ఆఖరి పోస్టింగు చిక్కబళ్ళాపురలో, హైవేకు దగ్గరగా ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. హోదా హౌస్‌కీపింగ్ సూపరింటెండెంట్. పేరు ఘనంగానే ఉంటుంది. ఊడ్చేవాళ్ళకు పైన, మిగతా అందరికీ కింద అని దాని అర్థం. ఇప్పుడు చెప్పబోయేది మొన్నమొన్నటి సంగతి. నా రిటైర్మెంటుకు పదకొండు నెలల ముందు, చింతామణి మార్కెట్టుకు మామిడికాయలు దిగుతున్న రోజుల్లో జరిగింది. అంతకు ముందు ఇరవై ఏళ్ళకు పైగా బెంగళూరులో అద్దాల మేడలు తుడిపించాను కాబట్టి, అద్దాన్ని అందుకునే పోలు గురించి నాకు కొంత తెలుసు.

ఆసుపత్రి ముందు భాగమంతా అద్దమే. గ్రౌండు ఫ్లోరు, దాని మీద మూడంతస్తులు. చైర్మన్‌గారు ద్రాక్షతోటల్లో సంపాదించి ఆసుపత్రి కట్టినవారు. బెంగళూరు విమానాశ్రయం దారిలో ఏదో అద్దాల కట్టడం చూసి మనసు పడ్డారట. అక్కడ చుట్టూ పచ్చిక, ఇక్కడ చుట్టూ రాతి క్రషర్లు. సోమవారం తుడిచిన అద్దం మీద గురువారానికి వేలితో పేరు రాసుకోవచ్చు. లోపలి రోగుల దగ్గుకు కారణం కనిపెట్టలేని డాక్టర్లు కూడా ఆ దుమ్ము చూసి అయ్యో అద్దం అనేవారు.

అద్దాలు తుడిచేది వెంకటరవణప్ప ఒక్కడే. బాగేపల్లి పక్క పల్లెవాడు, యాభై దాటినవాడు, రోజూ మొదటి బస్సుకు దిగేవాడు. కింది అద్దాలకు నిచ్చెన, పై అద్దాలకు వెదురు బొంగులు కట్టిన పరంజా. ఆ ముందటి ఏడు వానకు తడిసిన పరంజా మీద కాలు జారి పడి కుడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. మా ఆసుపత్రిలోనే కట్టు కట్టారు. పడడానికి ఇంతకన్నా అనువైన చోటు దొరకదని క్యాంటీన్లో అందరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను.

ఆ తర్వాత పరంజా వద్దని యాజమాన్యం తీర్మానించింది. నేల మీద నిలబడే పై అద్దాలు తుడవగలిగే పొడుగు పోలు కొంటారు. దానితో వెంకటరవణప్ప పై అంతస్తు శుభ్రం చేయగలిగితే ఉద్యోగం ఉంటుంది. చేయలేకపోతే పని బెంగళూరు కంపెనీకి ఇచ్చి అతన్ని పంపేస్తారు. ఈ మాటను ఆడళితాధికారి, అంటే ఆసుపత్రి పరిపాలన చూసే అధికారి, తాను చెప్పకుండా నా నోటితో చెప్పించారు. వెంకటరవణప్ప ఇంట్లో నెలజీతం తెచ్చే మనిషి అతనొక్కడే. అంతా విని, "దోటి మాత్రం మంచిది తెప్పించమ్మా, మిగిలింది నేను చూసుకుంటా" అన్నాడు. దోటి అంటే చెట్టు మీది కాయలు కోసే కర్ర. నేల మీద నిలబడి ఎత్తును అందుకునే కర్ర ఏదైనా అతని లెక్కలో దోటే.

పోలు ఎంచుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు గానీ కొంచెం లెక్క కావాలి. మా పై అద్దం అంచు నేల నుంచి ముప్పై ఆరు అడుగులు. పోలు పట్టుకున్న చేతులు నాలుగడుగుల ఎత్తులో ఉంటాయి కాబట్టి అంత తగ్గుతుంది. గోడకు ఎడంగా నిలబడి వాల్చి పట్టుకుంటారు కాబట్టి కొంత పెరుగుతుంది. ముప్పై అయిదు అడుగుల పోలు చాలు. ఇంకా పొడుగుదైతే ఇంకా మంచిది కదా అంటారు తెలియనివాళ్ళు. ఈ పోళ్ళు ఒకదానిలో ఒకటి దూరిన గొట్టాలు. పైనుండే సన్న గొట్టాలను ముందు తెరుస్తారు, లావువి ఆఖరున. అవసరానికి మించిన పోలు కొంటే, తెరవని లావు గొట్టాల బరువంతా ఊరికే పనివాడి చేతుల్లో ఉండిపోతుంది.

అంతకన్నా ముఖ్యం అది దేనితో చేసిందన్నది. అల్యూమినియం చవక, కానీ కరెంటు పారుతుంది. కార్బన్ తేలిక, అంతగా వంగదు, కానీ దానిలోనూ కరెంటు పారుతుంది. అమ్మేవాళ్ళు ఈ మాట అడిగితే తప్ప చెప్పరు. ఫైబర్‌గ్లాసు కాస్త బరువు, కాస్త వంగుతుంది, అయితే పొడిగా శుభ్రంగా ఉన్నంతవరకు కరెంటును రానివ్వదు. మా ఆవరణ ముందు మూల మీదుగా పదకొండు వేల వోల్టుల తీగెలు పోతాయి. అందుకని ఇండెంటులో, అంటే ఫలానా వస్తువు కావాలని శాఖ రాసిచ్చే కాగితంలో, స్పష్టంగా రాశాను: ఫైబర్‌గ్లాసు, ముప్పై అయిదు అడుగులు, విరిగి అతికిన భుజానికి కష్టం కాకుండా గొట్టాల కీళ్ళ దగ్గర తిప్పి బిగించేవి కాక నొక్కి బిగించే క్లాంపులు. తీగెల వైపు మూలలో ఏ పోలూ ఎత్తరాదని కింద గీత కూడా గీశాను.

ఇండెంటు పర్చేజ్ కమిటీకి వెళ్ళింది. అయిదుగురు సభ్యులు: చైర్మన్‌గారు, ఆడళితాధికారి, కొనుగోళ్ళు చూసే ఆయన, లెక్కలు చూసే ఆయన, ఎముకల డాక్టరు. ఎముకల డాక్టరు ఎందుకంటే రాడ్ల వ్యవహారం ఆయనకు అలవాటట. అయిదుగురిలో ఒక్కరూ సొంత ఇంటి కిటికీ తుడిచిన పాపాన పోలేదు. నన్ను పిలిచారు గానీ కుర్చీ వేయలేదు. వెంకటరవణప్పను పిలవాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

నమూనాలు సమావేశ మందిరంలో బల్ల మీద పరిచారు. తెరిస్తే పైకప్పుకు తగులుతుందని మూసే చూశారు. మూసి ఉన్న పోలు ఏదైనా ఒక్కటే, ఆరడుగుల గొట్టం. ఒక్కొక్కరు చేత్తో ఎత్తి, తలాడించి, పక్కవారికి అందించారు. సంబంధం చూడడానికి పోయి పిల్లను కూర్చోబెట్టే చూసి వచ్చినట్టుంది వాళ్ళ పరీక్ష. ఎముకల డాక్టరు వేలి కణుపుతో తట్టి చూసి గట్టిదేనని తేల్చారు. ఆ భుజం ఎంత బరువు మోయగలదు సార్ అని నేను అడిగితే, ఎవరి భుజం అన్నారు. కట్టు కట్టింది ఆయనే.

చైర్మన్‌గారికి యాభై అడుగుల అల్యూమినియం పోలు నచ్చింది. కారణం నాకు ముందే తెలిసి ఉండాల్సింది. మా వైపు ఊళ్ళలో ఏ మిద్దె చూసినా పిల్లర్ల కమ్ములు ఆకాశంలోకి పొడుచుకొని ఉంటాయి, రేపు లేపబోయే అంతస్తు కోసం. ఆ కమ్ములకు తుప్పు పడుతుంది, బట్టలారేసే తాడు పడుతుంది, అంతస్తు మాత్రం పడదు. స్కూలు పిల్లవాడికి మోకాళ్ళ దాకా వచ్చే చొక్కా కుట్టించేదీ ఈ బుద్ధితోనే. ఆసుపత్రి మిద్దె మీదా అలాంటి కమ్ములున్నాయి.

"ఇంకో రెండంతస్తులు లేపాలని ఉండాది. అప్పుడు మళ్ళా కొత్తది కొంటామా? ఇప్పుడే పెద్దది తీసుకుంటే ఎప్పటికీ పనికొస్తాది" అన్నారు చైర్మన్‌గారు.

నేను తీగెల మాట ఎత్తాను. "తీగె యాడుండాది, మన అద్దం యాడుండాదమ్మా" అని ఆయన నవ్వితే మిగతా నలుగురూ నవ్వారు. తీర్మానంలో "సూపరింటెండెంట్ సలహా పరిగణించడమైనది" అని రాశారు. ఆఫీసు భాషలో పరిగణించడం అంటే విని వదిలేయడం.

పోలు రెండు వారాలకు వచ్చింది. సరుకు వచ్చినప్పుడు సంబంధిత శాఖ తనిఖీ చేసి, పనికి తగినదిగా ఉందని ఒక ఫారం మీద సంతకం పెట్టాలి. దాన్ని జి.ఆర్.ఎన్. అంటారు. ఆ సంతకం లేనిదే సరుకు స్టోరు దాటదు. పోలు విషయంలో పద్ధతి ఏమిటంటే, బయలు స్థలంలో పూర్తిగా తెరిచి, ప్రతి క్లాంపు బిగించి, కొనకు తడి బ్రష్షు తగిలించి, వాడబోయే మనిషి చేత కొంతసేపు పట్టించి చూడాలి. బెంగళూరులో ఇది చేయని కుర్ర సూపర్‌వైజర్లను నేనే చీవాట్లు పెట్టేదాన్ని. ఆ రోజు నేను కవరు కూడా విప్పలేదు. నా రిటైర్మెంటు కాగితాలు అదే ఆడళితాధికారి బల్ల మీద ఉన్నాయి. ఇంత చిన్నదానికి పేచీ ఎందుకనుకుని సంతకం పెట్టి కాఫీకి వెళ్ళాను.

శుక్రవారం పూజ. కొత్త కారుకు చేసినట్టే చేశారు. పోలుకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ, క్లాంపులకు నిమ్మకాయలు. గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి దిష్టి తీసి పగలగొట్టారు. తర్వాత చైర్మన్‌గారే పోలు ఎత్తి మొదటి అద్దం తుడవాలి, ఫోటో తీయాలి. ఆసుపత్రి పేరు ఫోటోలో బాగా పడేది ముందు మూలలోనే. ఆ మూల సరిగ్గా తీగెల కింద. నేను ఆడళితాధికారి చెవిలో చెప్పాను. "ఒక్క ఫోటోకు ఎంతసేపమ్మా" అన్నారు.

పోలు చాప మీద పూలదండతో పడుకొని ఉంది. కొత్త యూనిఫారంలో బకెట్టు పట్టుకొని నిలబడ్డ వెంకటరవణప్ప పైకి తీగెల వంక చూశాడు, పోలు వంక చూశాడు, చివరికి నా వంక చూశాడు. నేను కళ్ళు తిప్పుకున్నాను. అతను బకెట్టు కింద పెట్టి, పోయి ఆ పోలు మీద కూర్చున్నాడు. ఊరి మోరీ కట్ట మీద కూర్చున్నంత నిదానంగా కూర్చున్నాడు.

"లెయ్యిరా, పూజ చేసిన వస్తువు మీద కూర్చుంటావా?" అని ఆడళితాధికారి అరిచారు.

"దేవునికి నేను చెప్పుకుంటానప్పా. కరెంటుకు ఎవురు చెప్పుకుంటారు? దీన్ని ఈ తీగెల కింద ఎత్తాలంటే ముందు నన్ను ఎత్తండి."

ఉద్యోగం పోతుందని తెలిసే అతను ఆ మాట అన్నాడు. చివరికి ఎవరో ఎలక్ట్రీషియన్‌ను పిలుచుకొచ్చారు. అతను పోలు చూశాడు, తలెత్తి తీగెలు చూశాడు, నాలుగడుగులు వెనక్కి వేశాడు. కమిటీకి అర్థమైన సాంకేతిక సలహా ఆ నాలుగడుగులే. చైర్మన్‌గారు ఆరడుగులు వేశారు.

పోలును తీగెలు లేని వెనక వైపుకు మోసుకుపోయారు. చైర్మన్‌గారు తెరిచి ఎత్తితే కొన ఒక దిక్కు, ఆయన ఒక దిక్కు ఊగారు. తడి బ్రష్షు అద్దానికి తప్ప అన్నిటికీ తగిలింది. బంతిపూల దండ జారి రెండో అంతస్తు ఏసీ పెట్టెకు చిక్కుకుంది. తర్వాత వెంకటరవణప్ప మనస్ఫూర్తిగానే ప్రయత్నించాడు. కొన పై అద్దం దాకా పోయింది, భుజం అదిరింది, పళ్ళు బిగబట్టి దించేశాడు. దాని కోసం ఆ పోలును మళ్ళీ ఎత్తడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఎండి రాలేదాకా అక్కడే వేలాడింది. అదేదో మొక్కుబడి అనుకుని ఒకరిద్దరు రోగుల బంధువులు కింద నిలబడి దండం కూడా పెట్టుకున్నారు.

సోమవారం కారణ కేళి నోటీసు వచ్చింది, అంటే నీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమనే కాగితం. కమిటీకి కాదు, వెంకటరవణప్పకు. నేరం: పూజించిన పనిముట్టు మీద కూర్చొని సంస్థ మర్యాదకు భంగం కలిగించడం, మరియు కొత్త పోలుతో పని చేయలేకపోవడం. కచేరీ కన్నడం తనకు కొరుకుడు పడదని, జవాబు నన్ను రాసిపెట్టమన్నాడు. స్టోరు గదిలో కూర్చున్నాం. తీగెల గురించి, భుజం గురించి రాశాను.

"ఆ దోటి బాగుండాదని రాసిచ్చిందెవురమ్మా?" అని అడిగాడు.

నేనేనన్నాను. తిడతాడనుకున్నాను. "అయితే అదీ రాయమ్మా" అన్నాడు.

అదీ రాశాను. పోలు తెరవకుండా, కవరు విప్పకుండా సంతకం పెట్టానని వేరే కాగితం మీద నా పేరుతోనూ రాసి రెండూ కలిపి ఇచ్చాను. నా ఇండెంటు నకలు కూడా జత చేశాను. విచారణ అంటూ జరిగితే ఆ ఇండెంటు, కమిటీ తీర్మానం పక్కపక్కన చదవాల్సి వస్తుందని వాళ్ళకు అర్థమైంది. నోటీసు వెనక్కి తీసుకున్నారు. నెల తిరక్కుండా ముప్పై అయిదు అడుగుల ఫైబర్‌గ్లాసు పోలు వచ్చింది, "చైర్మన్‌గారి ముందుచూపు మేరకు" అన్న తీర్మానంతో. ఈసారి వెంకటరవణప్ప చేత తెరిపించి, పట్టించి, అతను సరేనన్నాకే జి.ఆర్.ఎన్. మీద సంతకం పెట్టాను. అతను ఇప్పటికీ ఆ ఉద్యోగంలోనే ఉన్నాడు. నా సర్వీసు ఫైలులో మాత్రం తనిఖీలో నిర్లక్ష్యం అని హెచ్చరిక పత్రం చేరింది. రిటైర్మెంటు సభలో నా గురించి రెండే వాక్యాలు మాట్లాడారు. అందులో ఒకటి వాతావరణం గురించి.

ఆ పత్రం మీద నాకు ఫిర్యాదు లేదు. అందులో రాసిందంతా నిజం. ఈ పని గురించి అడిగినవాళ్ళకు ఎత్తు, గొట్టాలు, క్లాంపులు అన్నీ చెప్తాను, కమిటీ కథ చెప్పి నవ్విస్తాను కూడా. కానీ ఆ అయిదుగురికీ పోలు గురించి ఏమీ తెలియదు, తెలియకే తప్పు చేశారు. తెలిసిన మనిషి ఆ గదిలో నేనొక్కదాన్నే. పనికి తగినదిగా ఉందన్న సంతకం వాళ్ళలో ఎవరిదీ కాదు, నాది.