హారతి చివర ఆమెన్

ఈ ఉదయం మా పట్టుచీరల కొట్టులో హారతి ఇస్తుంటే, కర్పూరం వాసనకి నా నోటివెంట మళ్ళీ అదే మాట వచ్చింది. "ఆమెన్." కొత్తగా చేరిన గుమాస్తా నన్ను ఎగాదిగా చూశాడు. చూడనీ.

బరంపురం మిషన్ బడిలో నాతో చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మధ్యాహ్నం స్టీలు డబ్బా మూత మీద చేతులు పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, చివర ఆమెన్ అనేవాళ్ళం. లోపల పులిహోర ఘుమఘుమలాడుతుంటే టీచరమ్మ, "మీ కోసం కాదు, పక్కనోళ్ళ కోసం అడగండి" అనేది.

ఆ అలవాటుకొద్దీ ఒకరోజు ఇంట్లో ఠాకురాణీ అమ్మవారి హారతి అవగానే గట్టిగా ఆమెన్ అనేశాను. చిన్నాన్న మండిపడ్డాడు. "సూసినారా, పిల్ల సెడిపోనాది. రేపట్నుంచి ఆ బడికి ఎల్లొద్దు."

నాన్నమ్మ తాపీగా హారతి కళ్ళకద్దుకుని, "అమ్మోరిని ఏటడిగినావే?" అంది నన్ను.

"నా పక్కన కూర్చునే సుశీలకి జొరం తగ్గాలని."

నాన్నమ్మ చిన్నాన్న వైపు తిరిగింది. "ఇన్నేళ్ళ నుంచి హారతులిస్తన్నాం. పరాయి పిల్ల కోసం నువ్వెప్పుడైనా అడిగినావేట్రా?"

మర్నాడు తనే నన్ను బడికి తీసుకెళ్ళింది.

ఇప్పుడు మన బడి గ్రూపులోనే కొందరు, అలాంటి బడులు పిల్లల్ని దేవుడికి దూరం చేస్తాయని రాస్తున్నారు. నా దేవుళ్ళెవరూ నన్ను వదిలిపోలేదు. నా కూతుర్నీ అక్కడే చేర్పించాను. మీరిది చదివే వేళకి అది డబ్బా మూత మీద చేతులు పెట్టుకుని, మీ పిల్లల కోసమే అడుగుతూ ఉంటుంది.