రిపోర్టులో కనబడని ఊరు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, ఖమ్మం నుంచి భద్రాచలం దాకా నాకంటే తెలివైనవాడు లేడని నాకు గట్టి నమ్మకం. సారపాక దగ్గర జామాయిల్ మొక్కలు పెంచి రైతులకిచ్చే ఒక చిన్న కంపెనీలో రిపోర్టులు తయారు చేసేవాణ్ని. మా మేనేజరును అందరం చాటుగా ‘నీటు సారు’ అనేవాళ్లం. రిపోర్టులో ఖాళీ గడి కనిపిస్తే ఆయనకు అన్నంలో రాయి తగిలినట్టుండేది. “ఏమయ్యా, ఈ ఖాళీలేంటి? చూడ్డానికి బాగుండొద్దూ?” అనేవారు.

నేను ఊరుకుంటానా? వారం రోజులు కూర్చుని ఒక అద్భుతం సృష్టించాను. స్క్రీన్‌కు ఎడమపక్కన కాలమ్‌ల పేర్లన్నీ ఉంటాయి: ఊరు, రైతు పేరు, ఎకరాలు, పట్టా పాస్‌బుక్ నంబరు, అడిగిన మొక్కలు. కావలసినదానికి టిక్కు పెడితే కనిపిస్తుంది, తీస్తే మాయమవుతుంది. పైగా ‘ఖాళీలు దాచు’ అనే ఫిల్టరొకటి పెట్టి, దాని టిక్కు నేనే ముందుగా కొట్టి ఉంచాను (సారుకు వేలు నొప్పి పుట్టకూడదు కదా). ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ రైతు లైను మొత్తం కనబడదు. రిపోర్టు తోమిన పళ్లెంలా మెరిసింది. సారు నా భుజం తట్టారు. రైతులు అడిగినవాటికంటే నర్సరీలో మొక్కలు ఎక్కువున్నాయని అందులో తేలింది కాబట్టి, మిగిలినవి వేరే జిల్లాకు పంపేయమన్నారు.

తొలకరి పడిన మర్నాడు ఆ మొక్కలు లారీకెక్కుతుండగా, చాలా దూరాన అడవి అంచున ఉన్న ఊరి నుంచి పదిమంది గంపలు పట్టుకుని నడిచొచ్చారు. అడవి నరికి పోడు సాగు చేసుకునేవాళ్లు. చేలల్లో గుంతలు తీసి పెట్టుకుని మరీ వచ్చారు, ఈ పదును తప్పితే ఏడాది పోయినట్టే. పేర్లు లేవని కౌంటరులో తిప్పి పంపితే, వాళ్లలో ఒక పెద్దావిడ కోడలిని వెంటబెట్టుకుని నా దగ్గరికొచ్చింది.

“సారూ, ఎండకాలం మీ మనిషే వచ్చి రాసుకపోయిండు. ఇప్పుడేంది, మా ఊరే లేదంటరు?”

“లిస్టులో లేదమ్మా,” అన్నాను, వరం ఇవ్వడం కుదరదన్న దేవుడిలా. నమ్మకం కలగడానికి స్క్రీన్ ఆమె వైపు తిప్పి, ఏ టిక్కు పెడితే ఏమొస్తుందో, ఏది తీస్తే ఏం పోతుందో నా అద్భుతాన్నంతా వివరించాను కూడా (సిగ్గుండాలి). ఆమె ఓపిగ్గా విన్నది.

“గట్లనా. మరి ఏది తీస్తే మేమొస్తం సారూ?”

అప్పుడు వెలిగింది నాకు. పోడు భూమికి పట్టా లేదు, పాస్‌బుక్ లేదు. ఆ ఊళ్లో అందరిదీ ఆ గడి ఖాళీయే. ‘ఖాళీలు దాచు’ మీద టిక్కు తీశాను. ఊరు ఊరంతా స్క్రీన్ మీదికి దిగింది. కోడలు వంగి చదివి, “అవ్ అత్తా, మనమే,” అన్నది.

అంతలో నీటు సారు వచ్చి, “మళ్లీ ఈ ఖాళీలేంటయ్యా?” అన్నారు.

“ఖాళీలు కాదు సార్, వీళ్లు,” అన్నాను. అంత ధైర్యం నాకు అదే మొదలు (ఆఖరు కూడా). అప్పటికే బయట మిగతావాళ్లు లారీ ఎక్కి మొక్కలు దించుకుంటున్నారు. సారు అది చూసి, వద్దనకుండా తన గదిలోకి వెళ్లిపోయారు.

ఇక్కడితో ఆపితే నేను హీరోను. కానీ మరుసటి వారం హైదరాబాద్ నుంచి పెద్దలొస్తున్నారు, టిక్కు పెట్టేయమన్నారు సారు. పెట్టేశాను. తర్వాత తీయడం మరిచిపోయాను. మరుసటేడు తొలకరికి ఆ పెద్దావిడ కౌంటరు దగ్గర ఆగనే లేదు. తిన్నగా నా టేబుల్ ముందుకొచ్చి, “సారూ, ఆ టిక్కు తియ్యి,” అన్నది, ఫ్యాను వెయ్యమన్నంత మామూలుగా. నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రమే ఆ ఫిల్టరును పీకి పారేశాను. ఇప్పుడు మేనేజరు కుర్చీలో నేనే ఉన్నాను, రిపోర్టు మరీ నీటుగా కనిపిస్తే కంగారు పుడుతుంది. అప్పటి తెలివైనవాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. తాను ఉన్నానని చెప్పుకోవడానికి అంత దూరం రెండుసార్లు నడిచొచ్చిన ఆమె గుర్తొస్తే మాత్రం, ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.