సత్యవాణి ఇచ్చిన పులస

చేప ఒళ్లు చూసి అది ఏ నీళ్లలో తిరిగిందో చెప్పగల మనిషి సత్యవాణి. ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన ఒక లంకలో పుట్టి, అదే లంకలో వల వేసే లోవరాజును చేసుకుని, ముప్పై ఏళ్లుగా చేపల గంప మోస్తోంది. ఒడిశా నుంచి ఐసు పెట్టెల్లో వచ్చే సముద్రపు ఇలసను గోదావరి పులసని చెప్పి అంటగట్టేవాళ్లు మార్కెట్లో కొల్లలు. సత్యవాణి మాత్రం ఇలసను ఇలసనే చెప్పి అమ్మేది. ఆమె గంపకున్న పరువంతా అదే.

లంకకు కింద ఇంకో ఆనకట్ట కడతారని కబురు వచ్చినప్పుడు మొదట నోరు విప్పింది ఆమే. వరదల ఎర్రనీరు తగిలాక పులస సముద్రం వదిలి ఏటికి ఎదురీదుతుందనీ, దారిలో గోడ లేస్తే ఇక రాదనీ, లంకలో వలలన్నీ అటకెక్కుతాయనీ రేవులో నిలబడి చెప్పింది. ఆ మాటలన్నీ ప్రసన్నకుమారి టీచరు నోటుబుక్కులో రాసుకుంది. లూథరన్ చర్చిలో పాటలు నేర్పే రిటైర్డు టీచరాయె, గొంతు బాగుంటుంది. నదిని కాపాడే కమిటీకి ఆవిడే కార్యదర్శి అయింది. పేపర్లో ఫొటో కూడా ఆవిడదే పడింది, వల ముట్టి ఎరగని చెయ్యి గోదావరి వైపు చూపిస్తూ. సత్యవాణి ఆ పేపరు పరిచి దాని మీద చేపలు కోసింది. అయినా కడుపుమంట చల్లారలేదు. పైగా లోవరాజు అన్నం తింటూ, టీచరుగారు ఎంత బాగా చెబుతారో అన్నాడు. ఆ పూట అతనికి మారు కూర పడలేదు.

ఆనకట్ట మీద ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. లంక దాకా పులస రావడమే లేదని ప్రాజెక్టు రిపోర్టులో రాశారట. అందుకని లంక దగ్గర పడిన పులసను అధికారుల ముందు పెట్టాలని కమిటీ అనుకుంది. సరిగ్గా ముందురోజు పొద్దున లోవరాజు వలలో ఒకటి పడింది. టీచరు ఇంటికొచ్చి ఎంతో మర్యాదగా అడిగింది. సత్యవాణి లోపలికెళ్లి, ఐసు పెట్టెలోని ఒడిశా ఇలసను అరిటాకులో చుట్టి తెచ్చి ఇచ్చింది. రేపు మత్స్యశాఖ ఆయన ఇదేం పులసని నవ్వుతాడు, టీచరు మొహం మాడిపోతుంది, అది కళ్లారా చూడాలి. ఆమె ఆలోచన అక్కడితో ఆగింది. కమిటీకి వేరే చేప దొరికిందని మొగుడికి చెప్పి, అసలు పులసను బెండకాయలు వేసి పులుసు పెట్టేసింది. మర్నాటికి గానీ రుచి రాదు కాబట్టి మూత పెట్టి ఉంచింది.

మర్నాడు పందిట్లో టీచరు చేప పళ్లెం బల్ల మీద పెట్టి మైకు అందుకుంది.

“నాకు చేపల సంగతి తెలీదండి. ఇన్నాళ్లూ నేను చెప్పిందంతా సత్యవాణిగారు నేర్పిందే. ఈ పులస ఆవిడ చేత్తో ఇచ్చింది. ఆవిడ దొంగ చేప అమ్మిందని మార్కెట్లో ఒక్కరితో అనిపించండి చూద్దాం.”

మత్స్యశాఖ అధికారి చేపను తిరగేసి చూసి పెదవి విరిచాడు. ఇది సముద్రపుదనీ, లంకవాళ్లు చెప్పేవన్నీ ఇలాంటివేనా అనీ అడిగాడు. టీచరు కోసం తీసిన గోతిలో ఊరంతా పడిందని సత్యవాణికి అప్పుడు తెలిసొచ్చింది. లేచి వెళ్లి మైకు తీసుకుంది. ఎన్నాళ్లుగానో కోరుకున్న మైకు.

“టీచరుగారి తప్పేం లేదండి. కుళ్లు కొద్దీ నేనే మార్చి ఇచ్చాను. అసలుది మా లంక దగ్గరే పడింది. ఇప్పుడు మా ఇంట్లో పులుసులో ఉందండి.”

పందిరంతా నవ్వింది. కోసి వండిన చేపలో చూసేదేముందని, లంకవాళ్లు పులసను చూపించలేకపోయారని అధికారులు రాసుకున్నారు. ఆ ఏడాది లోవరాజు వలలో మరొకటి పడలేదు.

సభ అయిన మధ్యాహ్నమే టీచరు సత్యవాణి ఇంటికొచ్చింది. తిట్లు తినడానికి సిద్ధపడి ఆమె గుమ్మంలో నిలబడింది. ఆవిడ తిట్టలేదు. పీట వేసుకుని కూర్చుని, ఆ పులుసే వడ్డించమంది. తిన్నాక, వచ్చే మీటింగులో మైకు మీరే పట్టుకోవాలండి అని చెప్పి వెళ్లింది.

సాయంత్రానికి లంకంతా టీచరుగారి మనసు ఎంత పెద్దదో చెప్పుకున్నారు. అందరికంటే గట్టిగా లోవరాజు చెప్పాడు. క్షమించిన పేరు కూడా ఆవిడకే దక్కిందని, సత్యవాణి ఆ పులుసు గిన్నెను కళ్లనీళ్లతో అరగంట తోమింది.