సారంగపాణి పాస్‌పోర్టు, పగిడయ్య లైసెన్సు

ఈ మనిషిని గురించి రాయబోతే మొదటి వాక్యంలోనే చిక్కు వచ్చి పడుతుంది. పాల్వంచలో మా వీధి చివరి ఇంట్లో ఉండే ఆయనను భార్య, బంధువులు, బోనకల్ దగ్గరి సొంత ఊరివాళ్లు పగిడయ్య అంటారు. బొగ్గు కంపెనీకి, బ్యాంకుకు, పింఛను ఇచ్చేవాళ్లకు ఆయన సారంగపాణి. ఊరూ పేరూ కొంత మార్చే రాస్తున్నాను. ఎందుకు మార్చవలసి వచ్చిందో చదివితే తెలుస్తుంది. నేను మాత్రం పగిడయ్య అనే రాస్తాను. అది తల్లి పెట్టిన పేరు.

1988లో గనిలో పనికి రమ్మని పిలుపు వచ్చింది ఆ సొంత ఊరిలోనే ఉండే అసలు సారంగపాణికి. ఆయన వచ్చి, గని నోరు చూసి, లోపలికి దిగేవాళ్ల ముఖాలు చూసి, మధ్యాహ్నం బస్సుకే తిరిగి వెళ్లిపోయాడు. తోడుగా వచ్చిన లారీ డ్రైవరు పగిడయ్య, మిత్రుడి అనుమతితో ఆ కాగితాలు పట్టుకొని వరుసలో నిలబడ్డాడు. అప్పట్లో అలా మరొకరి పేరుతో చేరినవాళ్లు ఒక్కరూ ఇద్దరూ కాదు. కూలీగా చేరి, తరువాత పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో మట్టి మోసే డంపరు నడిపాడు. సారంగపాణి మూడేళ్లు పెద్దవాడు కనుక పగిడయ్య మూడేళ్లు ముందే రిటైరయ్యాడు. ఈ అన్యాయం గురించి నేను ఎన్నిసార్లు మండిపడ్డా ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ముప్పై ఆరేళ్ల ఉద్యోగంలో సగానికి పైగా ఆయనకు కనిపించిన దృశ్యం ఒకటే: ఒక పక్క మట్టిగోడ, ఒక పక్క గొయ్యి. విశ్రాంతి గదిలో ఎవరో ఫోనులో చూపించారట, శ్రీలంక దక్షిణ తీరం వెంట వెళ్లే రోడ్డు. కొబ్బరిచెట్ల సందుల్లోంచి సముద్రం కారు అద్దం దాకా వచ్చినట్టుంటుంది. అప్పటి నుంచి ఆయనకు ఒకటే కోరిక. గాలే నుంచి తంగల్లె దాకా, సుమారు ఎనభై కిలోమీటర్లు, భార్య కన్నమ్మను పక్కన కూర్చోబెట్టుకొని తానే నడపాలి. గైడు వద్దు, డ్రైవరు వద్దు.

భద్రాచలం పక్కన ఉండి ఈ మాట బయటికి అంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. "రాముడంతటోడు వారధి కట్టుకొని పోయిండు, మా బావ కారు కిరాయికి మాట్లాడుతుండు" అన్నాడు ఆయన బావమరిది దూలయ్య. అయినా పగిడయ్య పట్టు వదలలేదు. పాత క్యాలెండరు వెనుక దారి గీశాడు. గంటకొకచోట ఆగవలసిన స్థలాలు గుర్తుపెట్టాడు. అక్కడా ఇక్కడిలాగే రోడ్డుకు ఎడమవైపే నడపాలని తెలిసి, సగం పని అయిపోయినట్టు సంతోషించాడు. భార్యాభర్తలిద్దరూ పాస్‌పోర్టులు తీసుకున్నారు. ఇక మిగిలింది విదేశంలో బండి నడపడానికి ఇచ్చే అనుమతి పత్రం. పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయుణ్ణి, ప్రతి కాగితానికీ మూడు నకళ్లు ఉంచుకునేవాణ్ణి కనుక ఆ బాధ్యత నామీద పడింది.

ఇద్దరం రవాణా కార్యాలయానికి వెళ్తే, కౌంటరు దగ్గరి గుమాస్తా పాస్‌పోర్టు చూశాడు, లైసెన్సు చూశాడు.

"పాస్‌పోర్టు సారంగపాణిది. లైసెన్సు పగిడయ్యది. పగిడయ్య ఎవరు?"

"నేనే సార్."

"మరి సారంగపాణి?"

"అది గూడ నేనే."

"అయితే ఇద్దరొచ్చి సంతకం పెట్టుండ్రి."

వెనుక వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. అప్పుడు గాని నాకు తెలియలేదు, ఆ లైసెన్సు 1987లో ఖమ్మంలో, గనికి రాకముందు తీసుకున్నదని. ఆధార్ మొదలు రేషన్ కార్డు దాకా సమస్తమూ సారంగపాణి పేరుకు మారిపోయినా, దీన్ని మాత్రం ఆయన మార్చలేదు. గడువు తీరినప్పుడల్లా ఖమ్మం వెళ్లి, కాగితాల మీద పొడిగించుకొని వచ్చేవాడు. ప్రపంచంలో ఆయన సొంత పేరున్న కాగితం అదొక్కటే. దాని గడువు వచ్చే మార్చితో ముగుస్తుంది. ఇప్పుడు పొడిగింపు ఆధార్‌తో ముడిపడింది కనుక అది ఇక బతకదు.

గుమాస్తా ఉపాయం చెప్పాడు. ఇద్దరూ ఒకరేనని నోటరీ ముందు ప్రమాణపత్రం రాసి, పత్రికలో ప్రకటన వేయాలి. అది చట్టబద్ధమైన మార్గమని నేను ఉత్సాహపడ్డాను. పగిడయ్య నా చొక్కా చెయ్యి పట్టుకొని బయటికి లాక్కొచ్చాడు.

"సారూ, ఇద్దరం ఒక్కటేనని పేపర్ల ఏస్తే, పింఛనిచ్చేటోళ్లు గూడ గదే పేపరు సదువుతరు గదా."

ఒక మనిషి ముప్పై ఆరేళ్లు ఎండలో, దుమ్ములో పని చేసి సంపాదించుకున్న పింఛను, తన పేరు తాను చెప్పుకుంటే పోతుందట! ఈ వ్యవస్థకు కోపంతో ఉత్తరం రాద్దామన్నా, ఎవరి తరఫున రాయాలి?

ఇంకొక దారి ఉంది. పాత లైసెన్సును దాని మానాన వదిలేసి, సారంగపాణి పేరున కొత్తగా నేర్చుకునేవాడిలా దరఖాస్తు పెట్టడం. అందులోని తిరకాసు నేను ఎరగనివాణ్ణి కాను. అయినా విసిగిపోయి సరే అన్నాను. మా ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చున్నాం. అన్నీ నింపుకుంటూ ఒక ప్రశ్న దగ్గరికి వచ్చాం: ఇంతకుముందు మీకు డ్రైవింగ్ లైసెన్సు ఉన్నదా?

"లేదు అని పెడుతున్నాను" అన్నాను.

"ఆగుండ్రి సారూ."

"ఏమిటి?"

"సారంగపాణి అంటే పలికిన. హాజరుకు పలికిన, జీతానికి పలికిన. కని పగిడయ్యకు బండి రాదని నా చేత్తోని నేనెట్ల రాయాలె? బండి నేర్సుకున్నది పగిడయ్యే గదా. సారంగపాణికి సైకిల్ గూడ రాకుండె."

"అంటే ఇన్నాళ్ల కోరిక ఈ ఒక్క గడి దగ్గర వదులుకుంటావా?"

"వదులుకుంట."

నాలుగుసార్లు కార్యాలయానికి తిరిగాను. రెండుసార్లు జెరాక్సు దుకాణంలో కరెంటు పోయి గంటలకొద్దీ నిలబడ్డాను. ఇంత చేశాక ఈయన నీతి ఈ గడి దగ్గర మేలుకోవాలా! కోపంతో కంప్యూటరు ఆర్పేశాను. అంతకంటే కోపం ఏమిటంటే, ఆయన చెప్పింది నిజమని నాకు తెలుసు.

కన్నమ్మ అప్పటిదాకా గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె ఇంటి దగ్గర బట్టలు కుడుతుంది. "డ్రైవర్ను మాట్లాడుదం తియ్" అంది.

"కిరాయి డ్రైవరెనక కూసొని సూసేటందుకు టీవీ సాలదా?" అన్నాడు పగిడయ్య.

"అవ్ మరి, నీకు స్టీరింగే గావాలె. పర్ణశాల నుంచి సీతమ్మను లంకకు కొంటవోయినోన్ని ఎవ్వడన్న లైసెన్సు అడిగిండా? నీకే దొరికిన్రు అందరు." నా వైపు తిరిగింది. "సారూ, నా కార్డుల మొగని పేరు సారంగపాణి అనే ఉన్నది. గాయన ఎవరో నాకు ఇప్పటికీ తెల్వదు. కని నా పేరు ఒక్కటే గదా?"

"ఒక్కటే."

"అయితే నా పేరు మీద పెట్టుండ్రి. ముప్పై ఏండ్లు మిషన్ తొక్కిన కాలు, క్లచ్ తొక్కదా?"

పగిడయ్య నవ్వాడు. ఆమె నవ్వలేదు.

నేర్చుకునేవారి పక్కన లైసెన్సు ఉన్న మనిషి కూర్చోవాలన్న నిబంధన నేను చదివి వినిపించాను. మార్చి దాకా పగిడయ్యది చెల్లుతుంది. కనుక ఆ లైసెన్సుకు దక్కిన చివరి కొలువు అదే అయింది. తెల్లవారగానే వాళ్ల పాత కారు కిన్నెరసాని వాగు వైపు రోడ్డెక్కేది. ఆయన గని పాఠమే చెప్పాడు: ఎక్కేముందు బండి చుట్టూ తిరిగి నాలుగు చక్రాలూ తట్టి చూడాలి, కదిలేముందు హారన్ కొట్టాలి, మలుపులో ఎదుటివాడు లోడుతో వస్తున్నాడనే అనుకోవాలి. రోజూ ఇద్దరూ మాట్లాడుకోకుండా తిరిగి వచ్చేవారు. "ఇంకోసారి గేరు గేరని ఒర్లితే కిన్నెరసాన్ల దింపుత" అని ఆమె అనడం ఒకసారి నా చెవులారా విన్నాను.

పరీక్ష రోజున కన్నమ్మ అలాగే చేసింది. అధికారి కానిమ్మన్నాక, కారెక్కకుండా చుట్టూ తిరిగి చక్రాలన్నీ తట్టింది. కిందికి వంగి నూనె కారుతున్నదేమో చూసింది.

"ఏందమ్మా, బండికి ప్రదక్షిణం చేస్తున్నవా?" అన్నాడాయన.

ఆమె ఎక్కి, కదిలిన ప్రతిసారీ హారన్ కొట్టింది. వెనక్కు వచ్చేటప్పుడు మూడుసార్లు కొట్టింది. అధికారి ఆమెను పరీక్షలో తప్పించాడు. జాగ్రత్తగా ఉన్నందుకు మనిషిని తప్పించడం నేను అక్కడే మొదటిసారి చూశాను. ఆ సంగతి రాతపూర్వకంగా అడిగాను, జవాబు రాలేదు. రెండో పరీక్షకు ముందు పగిడయ్య, డంపరెక్కిన నాటి నుంచి మొదటిసారి, హారన్ కొట్టకుండా బండి కదపడం నేర్పాడు. నేర్పుతూ ఆయన చెయ్యి హారన్ వైపు పోతూనే ఉన్నదట. ఆమె నెగ్గింది.

శ్రీలంకలో కారు కిరాయికిచ్చే వాళ్లకు నేనే రాశాను. కొత్త లైసెన్సయినా అభ్యంతరం లేదని జవాబు వచ్చింది; దాన్ని ముద్రించి ఫైలులో పెట్టాను. ఫిబ్రవరి మూడో వారంలో ప్రయాణం. నిన్న సాయంత్రం అనుమతి పత్రం దరఖాస్తు మీద కన్నమ్మ సంతకం చేస్తుంటే, పగిడయ్య నా భుజం మీదుగా వంగి చూశాడు.

"పక్కన కూసునేటోనికి కారుల ఏం కాయితం అడుగరు గదా సారూ?"

"అడగరు" అన్నాను.

ఆయన ముఖం తేటపడింది. కన్నమ్మ కలం మూసి, కాగితం నా వైపు తోసింది.

"నోరు మూస్కొని కూసుంటనని ఒక కాయితం రాయించుండ్రి సారూ. సంతకం ఏ పేరుతోని పెట్టినా నాకు సరే."