ఎనిమిది లేని లెక్క

కంప్యూటర్ అంటే చలవ గదిలో దాచిపెట్టిన బీరువా అని జనం అనుకునే ఆ రోజుల్లో, తిరుపతిలో అలాంటి బీరువా ఒకదాని దగ్గర నాకు మొదటి ఉద్యోగం దొరికింది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళేవాళ్ళం (గుడికి కూడా నేనంత భక్తిగా వెళ్ళిన గుర్తు లేదు). అందరికీ పనికొచ్చే చిన్న ప్రోగ్రాములన్నీ ఒకచోట చేర్చి దాన్ని లైబ్రరీ అనేవాళ్ళం. ఒక లెక్కలో ఉన్న సంఖ్యను ఇంకో లెక్కలోకి మార్చే ప్రోగ్రాము రాసి అందులో చేర్చడం నా వంతు. మనం సున్నా నుంచి తొమ్మిది దాకా పది అంకెలు వాడతాం. ఆ యంత్రం ఏడుతోనే ఆపేసేది. ఏడు తర్వాత దానికి ఒకటీ సున్నా. అంటే మన ఎనిమిదిని అది 10 అని రాస్తుంది. ఈ సంగతి నేనే కనిపెట్టినంత గర్వంగా కనిపించిన వాళ్ళందరికీ చెప్పేవాణ్ణి.

ఐరాల పక్కన చెరుకు పండించే మా నాయన కడుపులో పుండుతో తిరుపతి ఆసుపత్రి ఒకదాంట్లో చేరింది అప్పుడే. మంచం తలవైపు పలక మీద సుద్దతో 8 అని రాసి ఉంది. అది చూడగానే ఆయన ముఖం పాలిపోయింది.

"ఎనిమిది శనీశ్వరుడిదిరా. ఈ మంచం మింద పండుకున్నోడు లేస్తాడా?"

నవ్విద్దామని, "మా మిషన్లో ఎనిమిదే లేదు నాయనా. దాని లెక్కలో ఇది పదో మంచం" అన్నాను. ఆయన నవ్వలేదు. పలక వైపే చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు పొద్దున కాఫీ తీసుకుని వెళ్ళేసరికి మంచం ఖాళీ. "కడుపు ఫోటో తీసేదానికని మీ నాయన్ని తోసుకోని పోయినార్రా" అంది అమ్మ. పలక మీద 8 లేదు. నాయన తువాలుతో దాన్ని చెరిపి, వంకర అంకెలతో రాసుకున్న 10 ఉంది. అసలు పదో మంచం వసారాలో ఉంది. దాని మీదున్న పెద్దాయనకు షుగరుతో కాలు కుళ్ళిపోయింది. ఆ పొద్దున ఆ కాలు తీసేయాలి.

కాఫీ ఎక్కడ పడేశానో తెలియదు. ఆపరేషను గది తలుపు బాదుతూ, "ఆయన పది కాదు, ఎనిమిది!" అని అరిచాను.

"బోర్డులో పదని ఉండాది గదప్పా?" అంది నర్సమ్మ.

"అది మా మిషన్ పదమ్మా, మీ ఎనిమిది!"

తర్వాత మంచం ఎక్కాల్సింది నేనే అన్నట్టు చూసిందావిడ. లోపల డాక్టరు అప్పటికే దుప్పటి ఎత్తి, మట్టి పట్టిన రెండు గట్టి కాళ్ళనూ మార్చి మార్చి చూస్తున్నాడు. "ఫోటోకి కాళ్ళెందుకు పట్టి సూస్తావుండారు?" అని నాయన ఆయన్నే అడుగుతున్నాడు.

నాయన్ని వెనక్కి తెచ్చాక వార్డంతా నవ్వింది, నేనూ నవ్వాను. సాయంత్రానికల్లా ఆ పలక మీద, సుద్దతో కాదు, పెయింటుతో 8 రాయించారు. నాయన మాత్రం గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"సరేలేరా. మీ లెక్క మీది."

తన ఆపరేషను తర్వాత ఆయన లేవలేదు. పుండు ముదిరిపోయిందన్నాడు డాక్టరు. అమ్మ ఆ మాట చెవిన వేసుకోలేదు. "పదిలోనే ఉండనిచ్చింటే, కాలు పోయినా మనిషి మిగిలుండును గదరా!" అంది. ఆ తర్వాత ఎన్నేళ్ళు బతికినా ఆ మాటే. విన్న ప్రతిసారీ నాకు ఏడుపొచ్చేది.

మొన్నీమధ్య నన్నూ కడుపు నొప్పితో ఆసుపత్రిలో చేర్చారు. ఏ గదని మా ఆవిడ ఫోన్లో అడిగితే "పది" అన్నాను. ఆవిడ గంజి ఫ్లాస్కుతో పదో గదిలోకి వెళ్ళి, ముసుగు తన్ని పడుకున్న ఎవరినో, మందులు వేళకి మింగడంలేదని చెడామడా తిట్టి, ముసుగు తీశాక నాలుక్కరుచుకుని నా దగ్గరికి వచ్చింది.

"తలుపు మీద ఎనిమిదని అంతలావు రాసుంటే పదంటావేందబ్బా! జీవితమంతా లెక్కలు చేసినోడివి!"

తలుపు వైపు చూడకుండా గంజి తాగాను.